నా బియ్యం నా దగ్గరికి రావడానికి 13 నెలలు

నిన్న, 2025 సెప్టెంబర్ 2న, మా ఊరి రేషన్ షాపులో 18 కిలోల సన్న బియ్యం తూయించుకుని ఇంటికి తెచ్చాను. కార్డులో మొదటి పేరు నాది. దాని కింద నా బిడ్డది, నా కొడుకుది. పిల్లలిద్దరినీ తీసుకుని అమ్మగారింటికి వచ్చింది 2024 ఆగస్టు మొదటి వారంలో. అప్పటి నుంచి ఈ ఒక్క సంచి ఇంటికి రావడానికి 13 నెలలు పట్టింది.

భర్త ఇంటి నుంచి ఎందుకు వచ్చానో ఇక్కడ రాయను. వచ్చాక తిండికి ఏమైందో రాస్తాను. నాలాగా వచ్చినవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలోనే చాలామంది ఉన్నారు. ఏ ఆఫీసుకు ముందు పోవాలో, ఏ కాగితం లేకపోతే తిప్పి పంపుతారో నాకు ఎవరూ చెప్పలేదు. ఒక చిన్న నోటుబుక్కులో తేదీలు రాసి పెట్టుకున్నాను కాబట్టి వరసగా చెప్పగలుగుతున్నాను.

మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి పండే ఊరు. ఇంట్లో అమ్మ, అన్న, వదినె, వాళ్ళ నాలుగేళ్ళ బాబు. మేం ముగ్గురం వచ్చాక ఏడుగురమయ్యాం. అమ్మ కార్డులో ఉన్నవి రెండే పేర్లు, అమ్మది, అన్నది. తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోలు ఇస్తారు. అంటే ఏడుగురికి వచ్చేది 12 కిలోలు. అన్న పెళ్ళి 2018లో అయింది. వదినె పేరు మాత్రం వాళ్ళ అమ్మగారి కార్డులోనే ఉండిపోయింది, ఎందుకంటే ఏళ్ళ తరబడి కార్డుల్లో కొత్త పేర్లు ఎక్కించలేదు. నా పేరు 2014లో అత్తగారింటి కార్డులో ఎక్కింది. పిల్లల పేర్లు ఏ కార్డులోనూ ఎక్కలేదు. బిడ్డకు తొమ్మిదేళ్ళు, కొడుక్కు ఐదేళ్ళు. పుట్టినప్పటి నుంచి వాళ్ళ పేరు మీద ఒక్క గింజ రాలేదు. నా వంతు బియ్యం అత్తగారింట్లో వండుతున్నారు, వదినె వంతు వాళ్ళ అమ్మ వండుకుంటోంది. మేమిద్దరం, ముగ్గురు పిల్లలం కలిసి అమ్మ, అన్నల 12 కిలోల మీద పడ్డాం.

మొదటి రెండు నెలలు ఎవరూ ఏమీ అనలేదు. బిడ్డను ఊరి బడిలో నాలుగో తరగతిలో వేశాను, మధ్యాహ్నం అన్నం అక్కడే. కొడుకును అంగన్‌వాడీకి పంపాను. ఆ టీచర్ ఆధార్ ఒక్కటి చూసి ఆ రోజే పేరు రాసుకుంది, ఆ రోజే గుడ్డు పెట్టింది. ఈ 13 నెలల్లో నన్ను తిప్పని చోటు అదొక్కటే. పిల్లలకు పగటి పూట గడిచిపోయేది. కష్టమంతా రాత్రికి, ఆదివారాలకు.

మా ఇంట్లో ముందు అన్నకు, పిల్లలకు పెడతారు. తర్వాత వదినె. చివరికి అమ్మా నేనూ. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు, నా చిన్నప్పటి నుంచీ అంతే. అప్పుడు చివర కూర్చున్నా గిన్నెలో అన్నం ఉండేది. ఇప్పుడు గిన్నె అడుగున మాడు మిగిలేది. అందులో పచ్చిపులుసు పోసుకుని అమ్మా నేనూ ఒకే పళ్ళెంలో తినేవాళ్ళం. "నాకు ఆకలి లేదు బిడ్డా, పొద్దుగాల గట్క తిన్న" అని అమ్మ ముందే లేచిపోయేది. ఆమె పొద్దున ఏమీ తినలేదని నాకు తెలుసు. నేనూ అదే మాట అన్న రోజులు ఉన్నాయి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పక్కింట్లో వాళ్ళ దగ్గర రేషన్ దొడ్డు బియ్యం కిలో 15 రూపాయలకు కొనేదాన్ని. అది తప్పని తెలుసు. కిరాణా షాపులో బియ్యం కిలో 50 రూపాయలు ఉన్నప్పుడు ఇంకో దారి కనిపించలేదు.

అక్టోబర్ 3న మొదటిసారి మా ఊరి డీలర్ దగ్గరికి పోయాను. అత్తగారింటి కార్డు ఫోటో నా ఫోన్‌లో ఉంది. మన రాష్ట్రంలో కార్డు ఏ ఊరిదైనా ఏ షాపులోనైనా బియ్యం తీసుకోవచ్చని అప్పుడే తెలిసింది. కార్డులో ఉన్నవాళ్ళలో ఎవరి వేలు పెట్టినా చాలట. డీలర్ నంబరు కొట్టి చూశాడు. "ఈ నెలవి నిన్ననే తీస్కున్నరు అక్కా. వచ్చే నెల ఒకటో తారీఖు పొద్దుగాలనే రా" అన్నాడు. వారం తిరిగితే సద్దుల బతుకమ్మ. వదినె ఐదు రకాల సద్దులు చెయ్యాలని పక్కింట్లో రెండు కిలోలు బదులు తెచ్చింది. పిల్లలు ఆ రోజు కడుపు నిండా తిన్నారు. ఆ బదులు తీర్చడానికి మేం నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది.

నవంబర్ 1న షాపు తెరవకముందే నిలబడ్డాను. మెషీన్‌లో నాలుగు యూనిట్లు, 24 కిలోలు చూపించింది. అత్తమ్మ, మామయ్య, నా భర్త, నేను. "నా ఆరు కిలోలు ఇయ్యి అన్నా" అని అడిగాను. "అట్ల విడగొట్టి ఇస్తే నా దగ్గర లెక్క తప్పుతది. తీస్కుంటే మొత్తం 24 తీస్కో" అన్నాడు. నా బొటనవేలు మెషీన్ పక్కనే ఉంది. పెడితే ఇంట్లో రెండు వారాలు ఎవరూ లెక్కపెట్టుకోకుండా తినొచ్చు. కానీ మామయ్య పక్షవాతంతో మంచంలో ఉన్నాడు, అత్తమ్మకు వేరే ఆధారం లేదు. నేను వేలు పెడితే రేపు ఆమె షాపుకు పోయి ఖాళీ సంచితో తిరిగి వస్తుంది. నేను వేలు పెట్టలేదు. ఇంటికి వచ్చాక వదినె చాలా కోప్పడింది. "నీ పిల్లలు గిన్నె గీకుతుంటే వాళ్ళ మీద జాలి ఏంది?" అంది. ఆమె అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. నేను చేసింది సరైనదేనా అని ఇప్పటికీ రాత్రిళ్ళు ఆలోచిస్తాను.

అప్పుడే తేల్చుకున్నాను, నా పేరు అక్కడ తీయించాలి, ఇక్కడ కొత్త కార్డు పెట్టుకోవాలి. అమ్మ కార్డులో మా ముగ్గురిని ఎక్కించుకోవచ్చు కదా అని చాలామంది అన్నారు. అమ్మ ఉన్నన్నాళ్ళు బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఆ కార్డు అన్నది అవుతుంది. అన్న మంచివాడే. అయినా నా పిల్లల అన్నం ఇంకొకరి మంచితనం మీద ఆధారపడి ఉండకూడదని నాకు గట్టిగా అనిపించింది.

మీసేవలో అడిగితే పేరు తొలగించడానికి కార్డు యజమాని సంతకం కావాలన్నారు. యజమాని ఎవరంటే అత్తమ్మ. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఇంట్లో 18 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దామె పేరు మీదే కార్డు ఉండాలి. నవంబర్ 14న ఆ ఊరికి పోయాను. పోయే ముందు రాత్రి నిద్ర పట్టలేదు. నా భర్త ఇంట్లో లేని సమయం కనుక్కుని పోయాను. బస్సు ఫ్రీ కాబట్టి పోగలిగాను, లేకపోతే పోనూ రానూ 180 రూపాయలు నాకు ఎక్కడివి?

అత్తమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పిల్లల్ని ఎందుకు తేలేదని అడిగింది ముందు. కాగితం చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "నీ పేరు తీపిస్తే ఆరు కిలోలు పోతయి పిల్లా. నీ మొగడు ఇంటికి రూపాయి తెస్తలేడు. మీ మామకు మెత్తగ వండి పెట్టాలె. నేను ఏమి తిన్ననో ఏమి తినలేదో ఎవరన్నా అడుగుతున్నరా?" నేను చెప్పాలనుకున్న మాటలన్నీ ఆమే చెప్పేసింది. కార్డు ఆమె పేరు మీద ఉంది, తినేది మాత్రం ఆమె కూడా చివరనే. నాకు కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. సంతకం పెట్టలేదు. వచ్చేటప్పుడు చింతపండు పొట్లం కట్టి ఇచ్చింది. ఆ రోజు పత్తి ఏరే కూలి పోయింది. కిలోకు 12 రూపాయలు, నేను రోజుకు 25 కిలోలు ఏరతాను. అంటే 300.

డిసెంబర్‌లో చేనులో కళ్ళు తిరిగి పడిపోయాను. ఊరి ఆశ వర్కర్ అక్క నన్ను సబ్ సెంటర్‌కు తీసుకుపోయింది, రక్తం (హిమోగ్లోబిన్) 7.8 ఉంది. ఐరన్ గోళీలు ఇచ్చి "మంచిగ తిను" అన్నారు. నేను నవ్వలేదు, ఏడవలేదు, తల ఊపి వచ్చాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలిందని తర్వాత చదివాను. చేనులో నాతో పాటు వరసలో వంగి ఉన్న పది మందిని తలుచుకున్నాను. అందులో ఎంతమంది రాత్రి చివర కూర్చుంటున్నారో నాకు తెలుసు.

2025 జనవరి 21 నుంచి 24 దాకా ఊరూరా గ్రామసభలు పెట్టారు. మా ఊళ్ళో 22న. కొత్త కార్డుల లిస్టు చదివారు, అందులో నా పేరు ఎట్లాగూ లేదు. టేబుల్ దగ్గర దరఖాస్తు ఇస్తే రాసుకునే ఆయన భర్త పేరు, భర్త ఆధార్ అడిగాడు. విడిగా ఉంటున్నానని చెప్పాను. "విడాకుల కాగితం ఉన్నదా?" అన్నాడు. లేదన్నాను. "భర్త ఉండంగ నీకు వేరే కార్డు ఎట్ల ఇస్తరమ్మా" అన్నాడు, మైకు దగ్గర్లోనే. వెనక నిలబడ్డవాళ్ళంతా నా వైపు చూశారు. దరఖాస్తు తీసుకున్నాడు కానీ రసీదు ఇవ్వలేదు. ఈ 13 నెలల్లో నాకు అన్నిటికంటే సిగ్గనిపించిన రోజు అదే. ఇప్పుడైతే గట్టిగా అడుగుతాను. ఆహార భద్రత చట్టంలో ఇంటికి పెద్ద ఎవరో చెప్పే సెక్షన్ 13లో పెద్ద వయసు ఆడమనిషి అని ఉంది. విడాకుల కాగితం మాట అందులో ఎక్కడా లేదు. అప్పుడు ఈ సంగతి తెలియదు.

తెలియజెప్పింది మా ఊరి మహిళా సంఘాల లెక్కలు చూసే వీవోఏ అక్క. ఆమె తన ఫోన్‌లో చట్టం తెలుగులో చదివి వినిపించింది. జిల్లాకో ఫిర్యాదుల అధికారి, రాష్ట్రానికో ఆహార కమిషన్ ఉండాలని కూడా అందులోనే ఉంది. "ముందు మీసేవలో పెట్టు. వాళ్ళు తిప్పి పంపితే ఆ కాగితం పట్టుకుని, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పో" అంది.

ఫిబ్రవరిలో మీసేవలో కొత్త కార్డులకు తీసుకోవడం మొదలైంది. మొదటి రోజు పొద్దున ఆరింటికి పోతే నా ముందు 60 మంది ఉన్నారు, మధ్యాహ్నం సర్వర్ పోయింది. రెండో రోజు నా వంతు వచ్చింది. అప్పుడు రెండు సమస్యలు బయటపడ్డాయి. ఒకటి, నా ఆధార్, పిల్లల ఆధార్ మీద పాత ఊరి అడ్రసు ఉంది. రెండోది, నా ఆధార్ వేరే కార్డులో ఉంది కాబట్టి సిస్టమ్ తీసుకోదు. ముందు అక్కడ పేరు పోవాలి. ఆ అబ్బాయిని బతిమాలి, ఇదే మాట ఒక తెల్ల కాగితం మీద రాయించుకుని స్టాంపు వేయించుకున్నాను. ఆ కాగితమే తర్వాత బాగా పనికి వచ్చింది.

అడ్రసు మార్చడానికి ఫారం మీద సర్పంచ్ సంతకం చాలన్నారు. కానీ అప్పటికి ఏడాది నుంచి ఊళ్ళలో సర్పంచులు లేరు, పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే అయిపోయింది. ఎవరిని అడగాలో తెలియక మూడు రోజులు తిరిగాను. చివరికి హైస్కూల్ హెడ్మాస్టర్ గెజిటెడ్ అని ఎవరో చెప్పారు. ఆయన నన్ను పదో తరగతిలో చదివించిన సారు. ఏమీ అడగకుండా మూడు ఫారాల మీద సంతకాలు పెట్టి, "ఇంటర్‌లో ఎందుకు ఆపేసినవమ్మా" అన్నాడు. మనిషికి 50 చొప్పున ముగ్గురికి 150 రూపాయలు. కొడుక్కు ఐదేళ్ళు నిండాయి కాబట్టి వేలిముద్రలు, కళ్ళు కొత్తగా ఇవ్వాలన్నారు, దానికి డబ్బులు తీసుకోలేదు. ఐదేళ్ళు దాటిన పిల్లలు ఉంటే ఈ పని ముందే చేయించుకోండి. తొమ్మిది రోజుల్లో కొత్త అడ్రసు వచ్చింది.

ఎమ్మెల్సీ ఎన్నికల కోడ్ ఉందని ఫిబ్రవరిలో ప్రజావాణి లేదన్నారు. మార్చి 10, సోమవారం, అత్తగారి జిల్లా కలెక్టరేట్‌కు పోయాను. బయట అర్జీలు రాసేవాళ్ళు 100 అడిగారు. నేనే రాసుకున్నాను, ఒక పేజీలో. నా పేరు మీద నెలనెలా బియ్యం పోతున్నాయి, నేను అక్కడ లేను, నా పిల్లలు ఏ కార్డులోనూ లేరు, మీసేవ తీసుకోవడం లేదు, ఇదిగో కాగితం. కొట్లాటల సంగతులు, భర్త సంగతులు రాయలేదు. రాస్తే పోలీస్ స్టేషన్‌కు పొమ్మంటారని వీవోఏ అక్క ముందే హెచ్చరించింది. పొద్దున తొమ్మిదికి పోతే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పిలిచారు. లోపల మాట్లాడింది రెండు నిమిషాలు. నంబరు ఉన్న రసీదు చేతికి వచ్చింది.

తర్వాత ఐదు వారాలు ఏ ఫోనూ రాలేదు. ఈ మధ్యలో ఉగాది వచ్చింది. మార్చి 30న హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పంపిణీ మొదలుపెట్టారు, ఏప్రిల్‌లో మా షాపుకు వచ్చాయి. అమ్మ ఆ బియ్యాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసింది. మొదటి రోజు అన్నం పూవులా విచ్చుకుంది, పిల్లలు కూర అడగకుండా తిన్నారు. నేను ఊహించని సంగతి ఒకటి జరిగింది. దొడ్డు బియ్యం ఉన్నప్పుడు పక్కింటివాళ్ళు తినలేక అమ్మేవారు. సన్న బియ్యం వచ్చాక వాళ్ళే తింటున్నారు, అమ్మేవాళ్ళు లేరు. అది ఊరికి మంచిదే, అందరూ అన్నం తింటున్నారు. నాకు మాత్రం 15 రూపాయల బియ్యం దొరకడం ఆగిపోయింది. పత్తి పని ఎప్పుడో అయిపోయింది. ఉపాధి పనికి పోదామంటే నా జాబ్ కార్డు కూడా అత్తగారి ఊళ్ళోనే ఉంది.

ఇంట్లో మాటలు పెరిగింది అప్పుడే. వదినె ఒక రోజు బియ్యం డబ్బా తన గదిలో పెట్టుకుంది. నేను రెండు మాటలన్నాను, ఆమె నాలుగన్నది. ఆమెను తప్పు పట్టను. ఆమె కూడా తన కొడుకు పళ్ళెం చూసుకుంటోంది. ఆ రాత్రి అమ్మ ఏమీ మాట్లాడకుండా వసారాలో మూడు ఇటుకలు పేర్చింది. తన వంతు ఆరు కిలోలు నాకు పోసి, "నువ్వు ఈడ వండుకో. నేను మీ ఇద్దరి దగ్గర తలా ఇంత తింట" అంది. అప్పటి నుంచి అమ్మ మా దగ్గర అన్నం ఉందో లేదో చూసి అక్కడ తిన్నానని, అక్కడ చూసి ఇక్కడ తిన్నానని చెప్పేది. ఈ సంగతి నేనూ వదినె ఒకరికొకరం చెప్పుకోవడానికి నెల పట్టింది.

ఏప్రిల్ 15న అక్కడి గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఫోన్ చేశాడు, 17న మండల ఆఫీసుకు వచ్చి వాంగ్మూలం ఇమ్మన్నాడు. పోయేసరికి అత్తమ్మ అక్కడే ఉంది, బెంచీ మీద, కొంగు తల మీద కప్పుకుని. ఆమెనూ పిలిపించారట. ఇద్దరం ఒకే బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాం. గిర్దావర్ వేరే గొడవలో ఉన్నాడు. ఎండ బాగా ముదిరింది. ఆమె పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చింది, నోరు ఎండిపోయి ఉంది. నా దగ్గర సద్ది ఉంది, మామిడికాయ తొక్కుతో కలిపిన అన్నం. మూత తీసి మధ్యలో పెట్టాను. "నువ్వు తిను" అంది. "నువ్వు తింటేనే తింట అత్తమ్మా" అన్నాను. ఇద్దరం తిన్నాం. మొదటి ముద్ద పెట్టుకుని "సన్న బియ్యమేనా" అని అడిగింది. అవునన్నాను. లోపలికి పిలిచినప్పుడు ఆమె నన్ను చూడకుండానే వేలిముద్ర వేసింది. బయటికి వచ్చి, "పిల్లల పేర్లు మంచిగ ఎక్కియ్యి" అంది. ఆమెకు నష్టమని తెలిసే వేసింది. నాకు దండం పెట్టాలనిపించింది, చేతులు పట్టుకున్నాను.

వాంగ్మూలం కాపీ అడిగి తీసుకోండి. ఇవ్వం అంటారు, అయినా అడగండి. జిరాక్స్‌కు రెండు రూపాయలు.

ఏప్రిల్ 24 నుంచి బడికి ఎండాకాలం సెలవులు. జూన్ 12 దాకా బిడ్డకు మధ్యాహ్నం అన్నం లేదు. సెలవులంటే పిల్లలకు సంబరం కదా. నా బిడ్డ మాత్రం క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తూ "అమ్మా, బడి ఎప్పుడు తెరుస్తరు" అని అడిగేది. దోస్తుల కోసం అడుగుతోందనుకున్నాను మొదట్లో. ఆ 49 రోజులు నేను మామిడి తోటలో కాయలు కోసే పనికి పోయాను, అన్న ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు బియ్యం సంచి తెచ్చి మా వసారాలో పెట్టాడు.

మే 26న పేరు తీసేసినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. 28న మీసేవలో కొత్త కార్డుకు పెట్టాను. ఆ అబ్బాయి మళ్ళీ భర్త ఆధార్ అడిగాడు, వాంగ్మూలం కాపీ చూపించాను, ఊరుకున్నాడు. ఇంటి పెద్దగా నా పేరు టైపు చేసి స్క్రీన్ నా వైపు తిప్పి, "చూస్కో అక్కా, స్పెల్లింగ్ కరెక్టేనా?" అన్నాడు. నాలుగైదుసార్లు చదివాను.

సరిగ్గా అప్పుడే ఇంకో దెబ్బ తగిలింది. వానాకాలమని జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చారు. అమ్మ కార్డుకు 36 కిలోలు వచ్చాయి. నా పేరు పాత కార్డులో పోయింది, కొత్త కార్డు ఇంకా రాలేదు. జూన్, జూలై, ఆగస్టు మూడు నెలలవీ నాకు ఏ ఊళ్ళోనూ లేవు. ఒక్క వారం ఆగి పేరు తీయించి ఉంటే అత్తమ్మకైనా నా 18 కిలోలు దక్కేవి. ఎవరికీ అందకుండా పోయాయి. ఆ లెక్క తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. పేరు తీయించుకునేవాళ్ళు ఆ నెల బియ్యం తీసుకున్నాకే పెట్టుకోండి.

జూన్ 24న మా మండలం గిర్దావర్ ఇంటికి వచ్చాడు. ఇల్లు చూడలేదు, నేరుగా "పొయ్యి ఒక్కటేనా, వేరేనా?" అన్నాడు. ఒకే పొయ్యి అయితే ఒకే కుటుంబమట. వసారాలో మూడు ఇటుకలు చూపించాను. బూడిద ఇంకా వేడిగా ఉంది. నా గిన్నెలు రెండు, ఉప్పు డబ్బా, బియ్యం డబ్బా చూసి ఫోటో తీసుకున్నాడు. వదినె గడపలో నిలబడి ఉంది. "అవును సార్, వేరే వండుకుంటది" అని ఆమే చెప్పింది. ఆయన పోయాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

జూలై 14న తుంగతుర్తి నియోజకవర్గంలోని తిరుమలగిరిలో ముఖ్యమంత్రి కొత్త కార్డులు పంచడం మొదలుపెట్టారు. అన్న ఫోన్‌లో చూపించాడు. రోజూ సైటులో నా అప్లికేషన్ నంబరు కొట్టి చూసేదాన్ని. తహసీల్దార్ దగ్గర 19 రోజులు, పైన జిల్లాలో ఇంకో మూడు వారాలు. ఆగస్టు 11న ఆమోదమైనట్టు కనిపించింది. కొత్త కార్డులకు సెప్టెంబర్ నుంచే బియ్యం అన్నారు.

సెప్టెంబర్ 1న షాపుకు పోతే నా వేలు పడలేదు. పత్తి ఏరి, కలుపు తీసి గీతలన్నీ అరిగిపోయాయి. ఐదుసార్లు పెట్టాను, వెనక లైను గొణుగుతోంది. నూనె రాసి తుడుచుకుని రమ్మన్నాడు, అదీ కుదరలేదు. నా గుండె దడదడలాడింది, మళ్ళీ మొదటికి వచ్చిందేమోనని. మర్నాడు కంటి స్కానర్ పెట్టాడు. ఒక్కసారికే పడింది. స్లిప్పు మీద నా పేరు, 18 కిలోలు.

లెక్క చూస్తే చేతి నుంచి పోయిన డబ్బు సుమారు 1,150 రూపాయలు, అందులో ఎక్కువ ఆటోలకు, జిరాక్స్‌లకు. పోయిన పని రోజులు 19. ఎవరికీ లంచం ఇవ్వలేదు, ఇద్దరు అడిగారు. నా ఒక్కదాని వంతు చూసుకున్నా 12 నెలల్లో 72 కిలోలు నా నోటికి చేరలేదు.

నిన్న రాత్రి నా బియ్యం వసారా పొయ్యి మీద కాకుండా లోపల పెద్ద గిన్నెలో వండాం. వదినె అడిగింది కాబట్టి. తిన్నాక ఆమె నా ప్లాస్టిక్ కవర్ తెచ్చి కాగితాలు ఒక్కొక్కటే తీసి చూసింది. ఆమె పేరు వాళ్ళ అమ్మ కార్డులోంచి తీయించి, బాబు పేరుతో కలిపి ఇక్కడ ఎక్కించాలి. వాళ్ళ అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆ కార్డులో రెండు యూనిట్లు, 12 కిలోలు. ఆరు తినడానికి, మిగతా ఆరు ఇచ్చి పాలు, కూరగాయలు తెచ్చుకుంటుందట. "నా పేరు తీపిస్తే మా అమ్మ ఎట్ల?" అంది వదినె. నా దగ్గర జవాబు లేదు. అత్తమ్మ బెంచీ మీద తిన్న మొదటి ముద్ద గుర్తొచ్చింది. సోమవారం లోపల ఆలోచించి చెప్తానంది. ఫారం, ఆధార్ జిరాక్స్‌లు, రెండు ఫోటోలు అదే కవర్‌లో పెట్టి ఉంచాను.